చాప మీద చేసే నడుం వ్యాయామాలు బొమ్మలతో వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఆరోగ్యం పేజీలో నడుం నొప్పి గురించి రాసింది చదివాను. మంచి విషయమే ఎత్తుకున్నారు, కానీ పైన వేసిన ఫొటోలో ఒకమ్మాయి జిమ్ములో పెద్ద రబ్బరు బంతి మీద పడుకుని ఉంది, కింద ఇచ్చిన సలహాల్లో మొదటిది పూర్తి విశ్రాంతి తీసుకోమని, రెండోది బెల్టు పెట్టుకోమని. ఆ రెండూ తు.చ. తప్పకుండా చేసి ఏడాది దాకా తేరుకోలేకపోయినదాన్ని నేను. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను, కాస్త పెద్దదే అవుతుంది, కుదిరినంత వేయండి.

నాది తెనాలి. 26 ఏళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను. మొన్నమొన్నటి దాకా కాలితో తొక్కే మిషనే, మోటారు పెట్టించి ఆరేళ్లయింది. కూర్చునేది వీపు ఆనడానికి ఏమీ లేని చెక్క స్టూలు. కుట్టుపని తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, సూది మీద చూపు పెట్టి ముందుకు వంగి కూర్చుంటే రెండు గంటలు ఎలా గడిచాయో కూడా తెలియదు. నాలుగేళ్ల కిందట శ్రావణమాసంలో, వరలక్ష్మీ వ్రతానికి ఇంకా మూడు రోజులుందనగా, ముప్పై లైనింగ్ బ్లౌజులు చేతిలో ఉన్నాయి. అప్పటికి వారం నుంచీ రాత్రి ఒంటిగంట దాకా కుడుతున్నా. పొద్దున్నే లేచి కింద పడిన బాబిన్ తీసుకుందామని వంగాను, అంతే, నడుము పట్టేసింది. బరువు ఎత్తలేదు, జారి పడలేదు, బాబిన్ ఎంత బరువుంటుంది చెప్పండి. వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను, మా ఆయన పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు.

ఆ తర్వాత ఇరవై రోజులు మంచం దిగలేదు. పరుపు తీసేసి చెక్క మీద పడుకోమన్నారు, పడుకున్నా. అటుపక్కవాళ్లు ఆముదం రాసి కాపడం పెట్టమన్నారు, ఇటుపక్కవాళ్లు పట్టు వేయించుకోమన్నారు, అన్నీ అయ్యాయి. మాత్ర వేసుకుంటే నాలుగు గంటలు బాగుండేది, తర్వాత మళ్లీ మామూలే, పైగా కడుపులో మంట మొదలైంది. ఇరవై రోజులు పడుకుని లేచేసరికి కాళ్లు వణికాయి, బాత్రూమ్ దాకా నడిస్తే ఆయాసం. అప్పుడు బెల్టు కొనిచ్చారు. ఎనిమిది నెలలు పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఆ బెల్టుతోనే ఉన్నాను. పెట్టుకుంటే ధైర్యంగా ఉండేది, నిజమే. తీస్తే మాత్రం నడుము చేతుల్లో జారిపోతున్నట్టుండేది. చివరికి బెల్టు లేకుండా బియ్యం కడగాలన్నా టెన్షనే.

ఈ మధ్యలో స్కానింగ్ తీయించారు. రిపోర్టులో ఎల్4, ఎల్5 మధ్య, అంటే నడుములో నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య మెత్తటి దిండులా ఉండే డిస్క్ ఉబ్బి ఉందని రాశారు. ఒక డాక్టరు గారు అది చూసి, 'డిస్క్ జరిగింది, ఇక జీవితంలో వంగే పని చేయకూడదు, కుట్టుపని మానెయ్యాలి' అన్నారు. ఆయన పేరెందుకు, ఆయన మంచికే చెప్పి ఉండొచ్చు. కానీ ఆ ఒక్క మాటతో నేను నెలల తరబడి ఏడ్చాను. మా ఇంటి అద్దె, మా అమ్మాయి ఫీజు నా మిషన్ మీదే నడుస్తాయి. కూర్చున్నా నిలబడ్డా డిస్క్ ఇంకాస్త జరిగిపోతుందేమోనని భయం, ఆ భయానికి ఒళ్లంతా బిగబట్టుకుని నడిచేదాన్ని, బిగబడితే నొప్పి ఇంకా ఎక్కువయ్యేది.

ఇప్పుడు మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. తను పాఠాల్లో చదివినవీ, వాళ్ల మేడమ్‌ని అడిగి తెలుసుకున్నవీ నాకు చెబుతూ ఉంటుంది. నడుం నొప్పి అసలు లేని మామూలు మనుషులకి స్కానింగ్ తీసిన పరిశోధనలన్నీ కలిపి 2015లో లెక్క వేశారట. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ల వాళ్లలోనే నూటికి 30 మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది, ఎనభై ఏళ్ల వాళ్లలో 84 మందికి. అంటే తలలో తెల్లవెంట్రుక వచ్చినట్టే డిస్క్ కూడా వయసుతో కొంత మారుతుంది. రిపోర్టులో ఆ ముక్క ఉన్నంత మాత్రాన నొప్పికి కారణం అదే అని గానీ, ఇక బతుకంతా ఇంతే అని గానీ కాదు. ఈ ఒక్క సంగతి నాకు ఆ రోజు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే సగం నొప్పి అప్పుడే తగ్గేదని నా నమ్మకం. మీ పేపర్లో ఇది పెద్ద అక్షరాలతో రావాలి.

నాకు దారి దొరికింది అనుకోకుండా. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్తే, ఆవిడకి వ్యాయామం చూపిస్తున్న ఫిజియోథెరపీ అమ్మాయి నా బెల్టు చూసి, 'ఎన్నాళ్ల నుంచి పెట్టుకున్నారు ఆంటీ' అని అడిగింది. చెప్పాను. నా రిపోర్టు తెప్పించుకుని చూసింది, కాళ్లలో బలం చూసింది, మడమల మీదా మునివేళ్ల మీదా నడిపించింది, కాలు ఎత్తి చూసింది. అన్నీ చూశాక, 'మీ నడుము పాడవలేదు, పని లేక నీరసపడిపోయింది, పని చెబుదాం' అంది. ఒక కాగితం మీద బొమ్మలు గీసి ఇచ్చింది. పైసా ఖర్చు లేదు, కావలసింది ఒక చాప, మడతపెట్టిన దుప్పటి ఒకటి.

ఆ అమ్మాయి చెప్పింది నా మాటల్లో చెబుతాను. నడుం భాగంలో ఐదు పెద్ద పూసలుంటాయి, పైనున్న ఒళ్లంతా వాటి మీదే. ఆ పూసల్ని నిలబెట్టేది ఒక్క వీపు కండరాలు కావు, ముందు పొట్ట, రెండు పక్కల డొక్కలు, కింద పిరుదులు, ఇవన్నీ కలిసి చుట్టూ పట్టుకుంటాయి. పందిరి గుంజకి నాలుగు వైపులా తాళ్లు కట్టినట్టన్నమాట, ఒక తాడు వదులైతే గుంజ అటు ఒరుగుతుంది. రోజంతా కూర్చునేవాళ్లకి పిరుదులూ పొట్టా పని మానేస్తాయి, భారమంతా నడుము మీద పడుతుంది. బెల్టు పెట్టుకుని ఎనిమిది నెలలు పడి ఉంటే నాకు నాలుగు తాళ్లూ వదులైపోయాయి. వీటికి కావలసింది బస్తాలు మోసే బలం కంటే, రోజంతా అలసిపోకుండా నిలబడే ఓపిక. అందుకే ఈ వ్యాయామాల్లో బరువులు ఎత్తేది ఉండదు, ఒక భంగిమలో పది సెకన్లు నిలబడి, వదిలి, మళ్లీ నిలబడటమే.

మొదటి వారం చేసింది చూస్తే ఎవరికైనా ఇదేం వ్యాయామం అనిపిస్తుంది. చేతులూ మోకాళ్ల మీద ఆని, పిల్లి ఒళ్లు విరుచుకున్నట్టు నడుం మెల్లగా పైకి గుండ్రంగా చేయడం, మెల్లగా కిందికి దించడం, ఏడెనిమిది సార్లు. లాగకూడదు, బలం పెట్టకూడదు, బిగుసుకున్న నడుము కదలడానికి మాత్రమే. తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పొట్ట బిగించడం నేర్పింది. లోపలికి పీల్చడం కాదు, చిన్నపిల్లాడు ఆడుతూ వచ్చి పొట్ట మీద దూకబోతే మనకి తెలియకుండానే ఎలా బిగుస్తుందో అలా. అలా బిగించి కూడా ఊపిరి మామూలుగా పీల్చి వదలాలి, నాకు అది రావడానికే నాలుగు రోజులు పట్టింది, మొదట్లో ఊపిరి బిగబట్టేసేదాన్ని.

అదే పడకలో, పాదాలు నేలకి ఆన్చి, పిరుదులు బిగించి నడుము పైకి లేపడం రెండోది. యోగా తెలిసినవాళ్లు సేతుబంధాసనం అంటారు. ఇందులో అందరం చేసే తప్పొకటి ఉంది, పిరుదులతో లేపకుండా నడుముని విల్లులా వంచి లేపుతాం, అప్పుడు నడుమే నొప్పి పుడుతుంది. మోకాళ్ల నుంచి భుజాల దాకా ఒక పలక ఏటవాలుగా పెట్టినట్టు ఉండాలి, అంతకంటే ఎత్తక్కర్లేదు.

పొట్టకి చెప్పింది మాత్రం నాకు ఆశ్చర్యమేసింది, ఎందుకంటే అంతకుముందు ఫోన్లో వీడియో చూసి, వెల్లకిలా పడుకుని పూర్తిగా లేచి కూర్చునే వ్యాయామం చేసి నొప్పి పెంచుకున్నాను. ఆమె చెప్పినదాంట్లో లేవడమే లేదు. ఒక మోకాలు మడిచి, ఒక కాలు చాపి, రెండు అరచేతులూ నడుము కింద పెట్టుకుని, తలా భుజాలూ నేల నుంచి కొద్దిగా, తల కింద కాగితం పెడితే లాగేయగలిగేంత లేపి, పది సెకన్లు ఆపి దించాలి. నడుము చేతుల మీద అలాగే ఉండాలి, నలగకూడదు. పక్క డొక్కలకి ఒకటి, పక్కకి తిరిగి పడుకుని, మోచేయి ఆన్చి, మోకాళ్లు మడిచి, తుంటి నేల నుంచి ఎత్తి పట్టుకోవడం. మొదట్లో నాకు మూడు సెకన్లు కూడా ఆగలేదు, చెయ్యి వణికిపోయేది, కుడివైపు కంటే ఎడమవైపు మరీ బలహీనంగా ఉందని అప్పుడే తెలిసింది. ఇక చివరిది, చేతులూ మోకాళ్ల మీద ఉండి, కుడి చెయ్యి ముందుకి, ఎడమ కాలు వెనక్కి చాపి నిలపడం, తర్వాత అటుది ఇటు. నడుము మీద స్టీలు పళ్లెం పెట్టుకుంటే అది పడకూడదు. నిజంగానే పళ్లెం పెట్టుకుని చేశాను, మొదటి రోజు ఎన్నిసార్లు గణగణమని పడిందో, వంటింట్లోంచి మా అత్తగారు ఏం పడిందమ్మా అని అడుగుతూనే ఉన్నారు. మూడో వారానికి పడటం మానేసింది.

పొట్టకీ, పక్కకీ, ఈ చెయ్యీ కాలూ చాపడానికీ చెప్పిన మూడింటినీ కెనడాలో వాటర్లూ యూనివర్సిటీలో వెన్నెముక మీద ఏళ్ల తరబడి పని చేసిన స్టువర్ట్ మెక్‌గిల్ అనే ప్రొఫెసర్ ప్రచారంలోకి తెచ్చారని తర్వాత మా అమ్మాయి చెప్పింది. ఆయన చెప్పిన పద్ధతి కూడా మా ఫిజియో అమ్మాయి చెప్పినట్టే ఉంది, పది సెకన్లకి మించి పట్టుకోవద్దు, మొదటి విడత ఐదు సార్లు, కాస్త ఆగి మూడు, మళ్లీ ఆగి ఒకటి. అలసిపోయిన కొద్దీ లెక్క తగ్గుతుంది, కాబట్టి భంగిమ చెడదు. ఓపిక పెరిగితే ఒక్కో విడతకి ఒకటో రెండో కలుపుకోవాలి గానీ, ముప్పై సెకన్లు బిగబట్టి పళ్లు కొరుక్కోవాల్సిన అవసరం లేదు.

మొత్తం పదిహేను నిమిషాలు, రోజూ. వారంలో ఒకరోజు గంట చేసి ఆరు రోజులు మానేస్తే ఏమీ రాదు. నేను మధ్యాహ్నం భోజనానికి ముందు, మిషన్‌కీ మంచానికీ మధ్యన చాప పరుచుకుని చేస్తాను. పొద్దున లేవగానే చేయొద్దంది ఆ అమ్మాయి. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయట, పొద్దున మనం సుమారు ఒక సెంటీమీటరు పొడుగు కూడా ఉంటామట, ఆ సమయంలో వంగితే డిస్క్ మీద ఒత్తిడి ఎక్కువ. నా నడుము పట్టేసింది కూడా పొద్దున్నే కదా. అప్పటి నుంచి లేచిన మొదటి గంటలో వంగి ముగ్గు వేయడం, కిందకి వంగి ఊడవడం మానేశాను, ఆ పనులు కాస్త ఎండెక్కాక చేస్తాను, లేదా మా ఆయన చేస్తారు. పొడవాటి కర్ర ఉన్న చీపురు కొన్నాం. పొద్దున్నే కాళ్లు చాపి బొటనవేళ్లు పట్టుకునే వ్యాయామం చాలామంది చేస్తుంటారు, నడుం నొప్పి ఉన్నవాళ్లు మాత్రం దయచేసి ఆ వేళప్పుడు చేయకండి.

నొప్పి విషయంలో ఆమె చెప్పిన గుర్తు ఒకటి నాకు చాలా పనికొచ్చింది. వ్యాయామం చేస్తుంటే నొప్పి నడుములోంచి పిరుదులోకి, తొడలోకి, పిక్కలోకి దిగుతుంటే ఆ వ్యాయామం ఆపెయ్యాలి. అదే కాల్లో ఉన్న నొప్పి పైకి పాకి నడుము దగ్గరికి వచ్చి ఆగితే, నడుము దగ్గర కాస్త ఎక్కువనిపించినా సరే, అది మంచిదే. ఈ గుర్తుని న్యూజీలాండ్‌లో రాబిన్ మెకంజీ అనే ఫిజియోథెరపిస్టు 1956లో పట్టుకున్నారట. కాలి నొప్పితో వచ్చిన ఒకాయన, తల వైపు ఎత్తుగా ఉన్న బల్ల మీద పొరపాటున బోర్లా పడుకుని ఉండిపోతే, కాలి నొప్పి పోయిందట. మన భుజంగాసనం లాంటి భంగిమే అది. అలాగని అది అందరికీ పడదు, పెద్దవయసులో వెన్నులో నరాల దారి ఇరుకైనవాళ్లకి వెనక్కి వంగితే కాళ్లు లాగుతాయి, వాళ్లకి ముందుకి వంగితేనే హాయి. అందుకే ఒక్కసారైనా తెలిసినవాళ్లకి చూపించుకుని మొదలుపెట్టడం మేలు. ఇక కండరాలు కొత్తగా పని చేసినందుకు మర్నాడు వచ్చే తీపు వేరే, రెండు రోజుల్లో పోతుంది, దానికి భయపడి మానేయకూడదు.

బాగా పట్టేసిన మొదటి రెండు మూడు రోజులు మాత్రం ఇవేవీ చేయనక్కర్లేదు. వేడి కాపడం పెట్టుకుని, ఇంట్లోనే అటూ ఇటూ నడుస్తూ, ఓపిక ఉన్నంత పని చేసుకుంటూ ఉండాలి, అంతేగానీ మంచం పట్టకూడదు. 1986లోనే అమెరికాలో పరీక్షించి చూశారట, ఏడు రోజులు పడుకోమన్నవాళ్ల కంటే రెండు రోజులే పడుకోమన్నవాళ్లు త్వరగా పనిలోకి వెళ్లారు. అంత పాత సంగతి 2020లు వచ్చినా మా పేటకి చేరలేదు చూడండి.

నడక గురించి కూడా చెప్పాలి. మూడో నెల నుంచి సాయంత్రం కాలువ గట్టు మీద నడవడం మొదలుపెట్టాను, మొదట పది నిమిషాలు, ఇప్పుడు అరగంట. నడుం నొప్పితో ఉన్న పెద్ద చిక్కు తగ్గడం కాదు, తగ్గాక మళ్లీ రావడం. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆస్ట్రేలియావాళ్ల పరిశోధన వచ్చింది, నొప్పి తగ్గిన 701 మందిలో కొందరికి నడక నేర్పి, కొందరిని మామూలుగా వదిలేశారు. మామూలుగా ఉన్నవాళ్లలో సగం మందికి మళ్లీ నొప్పి రావడానికి 112 రోజులు పడితే, నడిచినవాళ్లలో సగం మందికి రావడానికి 208 రోజులు పట్టింది. నడవడానికి ఏం కావాలి, ఒక జత చెప్పులు, ఆడవాళ్లు భయం లేకుండా నడవడానికి వీధి దీపాలు వెలిగే దారి. మా గట్టు మీద సగం దీపాలు వెలగవు, ఆ సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను.

మా దగ్గరికి బ్లౌజులు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లలో నడుం నొప్పి లేదన్నవాళ్లు తక్కువ. అందులో సగం మంది చెప్పే మాట, సిజేరియన్‌కి వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చారు, అప్పట్నుంచీ ఇంతే అని. నేనూ అదే నమ్మాను, నాదీ సిజేరియనే. ఇంజెక్షన్ వేసిన చోట కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చు గానీ ఏళ్ల తరబడి ఉండే నడుం నొప్పికి అది కారణం కాదని పరిశోధనల్లో తేలింది. అసలు కారణం అంతకంటే మామూలుది. తొమ్మిది నెలలు పొట్ట కండరాలు సాగిపోయి ఉంటాయి, కాన్పయ్యాక వాటికి మళ్లీ బలం తెచ్చుకోమని ఎవరూ చెప్పరు, ఆ వదులు నడుముతోనే బిడ్డని చంకన వేసుకుని, వంగి పాలిచ్చి, వంగి స్నానం పోసి, వంగి ఉతుకుతాం. మన పెద్దవాళ్లు నడికట్టు కట్టేవారు, ఆ కొద్దిరోజులు ఆసరాగా ఉంటుంది, కాదనను, కానీ కట్టు విప్పాక ఆ పొట్టకి పని నేర్పాలి కదా. కాన్పు తర్వాత డాక్టరు సరేనన్నాక మెల్లగా పొట్ట బిగించడం, నడుము లేపడం దగ్గర్నుంచి మొదలుపెట్టొచ్చు. బాలింతకి ఎలాంటి పథ్యం పెట్టాలో చెప్పేవాళ్లు ఇంటికి పదిమంది ఉంటారు, ఈ మాట చెప్పేవాళ్లు ఒక్కరైనా ఉండాలి.

పని మార్చుకోలేదు, పని చేసే తీరు మార్చుకున్నాను. ఒక్కో బ్లౌజు అవగానే లేచి నిలబడి రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని కాస్త వెనక్కి వాలతాను, నాలుగడుగులు వేస్తాను. మిషన్ కింద నాలుగు మూలలా చెక్కలు పెట్టించి ఎత్తు పెంచాం, స్టూలు తీసేసి వీపు ఆనే కుర్చీ వేసుకున్నా. కటింగ్ ఇదివరకు నేల మీద వంగి చేసేదాన్ని, ఇప్పుడు బల్ల మీద నిలబడి. బిందె ఎత్తాలన్నా, బియ్యం బస్తా జరపాలన్నా నడుముని గుండ్రంగా వంచకుండా తుంటి దగ్గర వంగి, మోకాళ్లు మడిచి, బరువుని ఒంటికి దగ్గరగా తెచ్చుకుని లేపుతాను. దీన్ని అలవాటు చేసుకోవడానికి వీపు మీద చీపురు కర్ర నిలువుగా పట్టుకుని, తలకీ వీపుకీ పిరుదులకీ తగిలేలా ఉంచి వంగడం ప్రాక్టీసు చేశాను, కర్ర ఒంటిని వదిలితే నడుము వంగినట్టు లెక్క.

బెల్టు రెండో నెలలో రోజుకి గంట చొప్పున తగ్గించుకుంటూ తీసేశాను. ఇప్పటికి మూడేళ్లయింది. మధ్యలో రెండుసార్లు నొప్పి వచ్చింది, రెండుసార్లూ పెళ్లిళ్ల సీజన్‌లో వ్యాయామం మానేసినప్పుడే. మంచం ఎక్కలేదు, నాలుగైదు రోజుల్లో సర్దుకుంది. ముప్పై బ్లౌజుల పని ఇప్పుడూ చేస్తున్నాను.

అయితే ఒక మాట గట్టిగా చెప్పకపోతే తప్పు చేసినదాన్నవుతాను. అన్ని నడుం నొప్పులూ చాప మీద తగ్గేవి కావు. మా వీధిలో ఒకావిడ నన్ను చూసి తనూ వ్యాయామాలు మొదలుపెట్టింది, సాయంత్రమైతే జ్వరం, మనిషి చిక్కిపోతోంది, రాత్రి పడుకున్నా నొప్పి తగ్గడం లేదు. నాకు అనుమానమొచ్చి పెద్దాసుపత్రికి పంపితే వెన్నుపూసకి టీబీ అని తేలింది. మందులు వాడి ఇప్పుడు బాగుంది, ఇంకో రెండు నెలలు ఆలస్యమైతే ఏమయ్యేదో. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉండటం, పెద్దవయసులో జారిపడ్డాక వచ్చిన నొప్పి, ఇలాంటివి ఉంటే ముందు డాక్టరు దగ్గరికే. పాదం పైకి లేవక ఈడ్చుకుపోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోయినా, మూత్రం, మలం మీద అదుపు తప్పినా ఆ రోజే, ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారాక చూద్దాం అనుకోకూడదు, నరాలు శాశ్వతంగా దెబ్బతింటాయి.

ఇలాంటివి కొద్దిమందికే వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2020లో నడుం నొప్పి ఉన్నవాళ్లు 61 కోట్ల 90 లక్షల మంది, 2050 నాటికి 84 కోట్ల 30 లక్షలవుతారని అంచనా, అందులో ఆడవాళ్లే ఎక్కువ. నూటికి 90 మందికి ఫలానా జబ్బు అని చూపించగల కారణమే ఉండదు. అదే సంస్థ 2023 డిసెంబరులో, ఎంతకీ తగ్గని నడుం నొప్పికి ఏం చేయాలో, ఏం చేయకూడదో మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. చేయమన్నవాటిలో రోగికి విషయం అర్థమయ్యేలా చెప్పడం, వ్యాయామం ఉన్నాయి. మామూలుగా వాడొద్దన్నవాటిలో నడుం బెల్టులు, ట్రాక్షన్ (నడుముని సాగదీసి లాగే వైద్యం) ఉన్నాయి. ఆపరేషన్ అయినవాళ్లకీ, ఎముక విరిగినవాళ్లకీ డాక్టరు పెట్టమన్న బెల్టు గురించి నేను మాట్లాడటం లేదు. మనకి మెడికల్ షాపులో కిళ్లీ కొన్నంత తేలిగ్గా దొరికే బెల్టుల గురించే.

అందుకని సంపాదకులు గారూ, నేను అడిగేది ఇది. ఒక ఆదివారం ఒక పూర్తి పేజీ ఈ వ్యాయామాలకి ఇవ్వండి. ఫొటోల్లో జిమ్ము వద్దు, బంతి వద్దు, ఒక మామూలు ఇంట్లో చాప మీద, చుడీదారో నైటీయో వేసుకున్న నలభై ఏళ్ల మనిషిని చూపించండి, పక్కన లుంగీ కట్టుకున్న మగమనిషిని కూడా చూపించండి, ఎందుకంటే ఆటో నడిపేవాళ్లూ, గుంట మగ్గం మీద నేసేవాళ్లూ, మగ్గం వర్కుకి రోజంతా ఫ్రేము మీద వంగే కుర్రాళ్లూ నా దగ్గరికి వచ్చి అడుగుతున్నారు. తప్పు భంగిమ, ఒప్పు భంగిమ పక్కపక్కనే వేయండి. చదవడం రానివాళ్లు కూడా బొమ్మ చూసి చేసుకునేలా, చింపి గోడకి అంటించుకునేలా ఉండాలి. వేసేముందు ఒక ఫిజియోథెరపిస్టుకి చూపించండి, నేను కుట్టుపని మనిషిని, నా మాట ఒక్కటే నమ్మి వేయొద్దు.

అలాగే ప్రభుత్వాన్ని అడగాల్సింది మీ పేపరు ద్వారా అడుగుతున్నాను. నాకు ఆ అమ్మాయి కనబడింది అత్తగారి మోకాళ్ల పుణ్యాన. వ్యాయామం చూపించే మనిషి పెద్దాసుపత్రిలోనే కాదు, మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒక్క రోజైనా ఉండాలి. నాట్లు వేసే రోజుల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగి ఉండే మా తోడికోడలు లాంటివాళ్లు కూలి వదులుకుని, బస్సెక్కి తెనాలి వచ్చి, లైన్లో నిలబడి వ్యాయామం నేర్చుకోలేరు. వాళ్లు ఊళ్లోనే పదో ఇరవయ్యో పెట్టి ఇంజెక్షన్ చేయించుకుని మర్నాడు మళ్లీ పొలంలోకి దిగుతారు. బీపీ, షుగరు చూడటానికి ఇంటింటికీ వచ్చే ఆశా కార్యకర్తలకి ఈ వ్యాయామాలూ, ఆ ప్రమాదపు గుర్తులూ నేర్పినా ఎంతో మేలు.

ఆ ఫిజియో అమ్మాయి నాకు గీసి ఇచ్చిన కాగితం జిరాక్స్ ఈ ఉత్తరంతో పాటు పంపిస్తున్నాను. ఒక మూల నూనె మరక ఉంది, బొమ్మలు మాత్రం బాగానే కనిపిస్తాయి. శ్రావణమాసం పని మొదలవ్వకముందే ఆ పేజీ వస్తే మా పేటలో కుట్టుపని చేసేవాళ్లకి నేనే తీసుకెళ్లి ఇస్తాను, ఎలా చేయాలో దగ్గరుండి చూపిస్తాను. ఆ కాగితం తిరిగి పంపనక్కర్లేదు, అసలుది నా మిషన్ ఎదురుగా గోడకే ఉంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెనాలి